చుక్క కనిపిస్తది, ఎత్తు కనిపించదు

మన కోరుట్లలో గల్ఫ్‌కు పోయినోళ్లు లేని వాడ ఉండదు కదా. ఆ విమానాలకు కింది నుంచి దారి చెప్పే ఏటీసీ వాళ్ల పాత రాడార్ గురించి ఈరోజు మాట్లాడుకుందాం.

రిటైరైన కంట్రోలర్లను కదిలిస్తే ముందు చీకటి గది గురించే చెప్తరు. లైట్లు తగ్గిస్తేనే తెర మీద చుక్క సరిగ్గా కనిపించేది. అది ప్రైమరీ రాడార్. విమానానికి తగిలి తిరిగొచ్చిన తరంగాన్ని పట్టి, ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో చూపిస్తది. ఎంత ఎత్తులో ఉందో మాత్రం చూపించదు. ఎత్తు పైలట్ రేడియోలో చెప్పాలి, కంట్రోలర్ కాగితం స్ట్రిప్ మీద రాసుకోవాలి.

1996 నవంబర్ 12. ఢిల్లీలో అప్పటికి ఆ రాడారే. దిగుతున్న కజకిస్తాన్ విమానానికి 15,000 అడుగులు, ఎదురొచ్చే సౌదీ విమానానికి 14,000 అడుగులు ఇచ్చిన్రు. కజకిస్తాన్ విమానం ఇంకా కిందికి దిగిపోయింది. తెర మీద అది తెలిసే దారే లేదు. చర్ఖీ దాద్రీ మీద రెండూ ఢీకొని 349 మంది చనిపోయిన్రు. సౌదీ విమానంలో పనికి పోతున్న మన దేశపోళ్లు ఎందరో! తప్పు కజకిస్తాన్ సిబ్బందిదని విచారణలో తేలింది.

సెకండరీ రాడార్ అట్ల కాదు. విమానంలోని ట్రాన్స్‌పాండర్‌ను అడుగుతది, అది కోడ్‌తో పాటు ఎత్తు కూడా పంపుతది. ఢిల్లీకి అది తర్వాతే వచ్చింది.

ఈసారి మీ వాళ్లు విమానం ఎక్కినప్పుడు ఫోన్‌లో ట్రాకర్ తెరిచి, పేరు పక్కన ఎత్తు చూడండి. ఆ ఒక్క అంకె కోసం అప్పటి కంట్రోలర్లు పైలట్ మాటనే నమ్ముకోవాల్సి వచ్చేది.