ఆగే బండే మంచి బండి

అక్కలారా! చెల్లెళ్లారా!

ఈ రోజు ముచ్చట స్కూటర్ ముందు బ్రేకు గురించి. “అది మగవాళ్ల సంగతి” అనుకోకండి. వెనక సీటు మీద కూర్చునేది మీరు. ముందు నిలబడేది మీ పిల్లలు.

ఒక ఇంటి కథ వినండి.

ఆ ఇంట్లో పాత బజాజ్ చేతక్ ఉంది. బజాజ్ కంపెనీ 1972లో చేతక్ తయారీ మొదలుపెట్టింది. రాణా ప్రతాప్ గుర్రం పేరే దానికి పెట్టింది. ఆ రోజుల్లో స్కూటర్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. ఇంటి పెద్దాయన అలాగే ఎదురు చూసి 1974లో కొన్నాడు. ప్రాణంలా చూసుకున్నాడు. ఆయన పోయాక బండి కొట్టంలో మూలపడింది.

ఈ మధ్య మనవడు దాన్ని బయటికి తీశాడు. ఇంజను బాగు చేయించాడు. బండి స్టార్టయింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఇక కొత్త రంగు వేయించాలని డబ్బు దాచాడు.

తల్లి అడిగింది. “నడుస్తుంది సరే. ఆగుతుందా నాయనా?”

“వెనక బ్రేకు పడుతుందమ్మా. ముందుదే పడదు. ఫరవాలేదులే.”

“ఫరవాలేదంటే ఎట్లారా? నీ ముందు నిలబడేది నీ కూతురు. నీ వెనక కూర్చునేది నీ పెళ్లాం. పద, మెకానిక్ దగ్గరికి నేనూ వస్తా.”

మెకానిక్ ఆమెనే ఒక ప్రశ్న అడిగాడు.

“పెద్దమ్మా, బస్సు టక్కున ఆగితే జనం ఎటు తూలుతారు?”

“ముందుకు.”

“స్కూటరూ అంతే. బ్రేకు వేయగానే బరువు ముందుకు పోతుంది. ముందు చక్రం నేలను గట్టిగా పట్టుకుంటుంది. వెనక చక్రం తేలికవుతుంది. వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా తొక్కితే చక్రం జారుతుంది. బండిని ఆపడంలో ఎక్కువ పని ముందు బ్రేకుదే. రెండూ కలిపి వేయాలి.”

అతను ముందు చక్రం విప్పాడు. లోపల నల్లటి దుమ్ము. కొడుకు వంగి ఊదబోయాడు. మెకానిక్ చెయ్యి అడ్డం పెట్టాడు.

పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ కూడా రావచ్చు. దాన్ని ఊదకూడదు. చీపురుతో ఊడవకూడదు. తడిగుడ్డతో తుడవాలి. ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారేయాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

చక్రం లోపల గుండ్రని డ్రమ్ము ఉంటుంది. అందులో అర్ధచంద్రాకారంలో రెండు షూలు ఉంటాయి. వాటికి లైనర్ అంటించి ఉంటుంది. కుడిచేతి లివర్ నొక్కితే వైరు లాగుతుంది. షూలు విచ్చుకొని డ్రమ్మును ఒరుసుకుంటాయి. చక్రం ఆగుతుంది.

ఈ బండిలో లైనర్ గాజులా నున్నగా అయిపోయింది. డ్రమ్ములో గీతలు పడ్డాయి. వైరు తుప్పు పట్టింది.

“డిస్క్ బ్రేకు పెట్టిద్దామా?” అన్నాడు కొడుకు.

పెట్టవచ్చు. అది కొత్త సంగతి కాదు. ఇటలీలో 1962లోనే ఒక లాంబ్రెటా స్కూటర్‌కు ముందు డిస్క్ బ్రేకు పెట్టారు. డిస్క్ వేడిని త్వరగా వదులుతుంది. వానలో త్వరగా ఆరుతుంది. కాని దానికి సరిపోయే హబ్బు, ఇతర సామాన్లు కావాలి. ఖర్చు ఎక్కువ. అందులో బ్రేకు నూనె పోయాలి. మూత మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది. రాసి ఉన్న నూనే పోయాలి.

ఇంకో సంగతి ఉంది. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చని 2021లో ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయితే బండి పాత రూపంలోనే ఉండాలి. అలా రిజిస్టరైన బండిని రోజువారీ పనులకు వాడకూడదు. అందుకే మార్పులు చేసేముందు రవాణా ఆఫీసులో అడగాలి.

తల్లి ఆలోచించింది. “డ్రమ్మే ఉంచండి. కాని గట్టిగా బాగు చేయండి” అంది.

మెకానిక్ చీటీ రాసిచ్చాడు. ఆమె వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. ‘కొత్త షూలు. డ్రమ్ము లేతు పని.’ అంతే ఉంది.

“వైరు ఏదయ్యా? తుప్పు పట్టిందన్నావు కదా!”

“మరిచిపోయానమ్మా!” అని అతను వైరు కూడా రాశాడు.

డ్రమ్మును లేతు మీద కొంతవరకే చెక్కవచ్చు. హద్దు దాటితే పలచబడుతుంది. అప్పుడు కొత్తది వేయాల్సిందే. షూలకు గ్రీజు అంటకూడదు. అంటితే బ్రేకు జారుతుంది. లివర్ వదిలితే చక్రం తేలిగ్గా తిరగాలి. లివర్ హ్యాండిల్‌కు తగలకముందే చక్రం ఆగాలి.

రంగు డబ్బు బ్రేకుకే సరిపోయింది. కొడుకు ఖాళీ మైదానంలో మెల్లగా నడిపి చూశాడు. కొత్త షూలు డ్రమ్ముకు సర్దుకునేదాకా కొన్నాళ్లు నిదానంగా నడిపాడు. ఇసుక మీద, తడి మీద ముందు బ్రేకు సుతారంగా నొక్కడం నేర్చుకున్నాడు.

ఒకనాడు దారిలో లేగదూడ అడ్డం వచ్చింది. ముందు మనవరాలు నిలబడి ఉంది. అతను రెండు బ్రేకులూ కలిపి వేశాడు. బండి దూడకు బారెడు దూరంలో ఆగింది. పాప కిలకిలా నవ్వింది.

బండికి ఇంకా పాత రంగే ఉంది.

అక్కలారా! మీ ఇంట్లో బండి ఉందా? దాని ముందు బ్రేకు పడుతుందా? ఈ రోజే అడగండి.