చెయ్యి అందని మూలల్లో పాచి



మా గుత్తిలో సంపు కడగడమంటే మాటలా? నీళ్ళున్నప్పుడు పారబోయడానికి మనసొప్పదు, లేనప్పుడు కడుగుదామంటే నీళ్ళుండవు! వానలు ముఖం చాటేసే అనంతపురం జిల్లాలో కాపురం చేసేవారికి ఈ బాధ నేను చెప్పాలా? అందుకే కుళాయి వచ్చే ముందురోజు, నీళ్ళు అడుగంటాకే నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంటాను.

గోడల మీది పాచి ఎలాగో పోతుంది. చిక్కంతా మూలలతోనే. మోటారు గొట్టం వెనక, మూత అంచు కింద, సిమెంటు పగిలిన నెర్రెలో చీపురు దూరదు. అక్కడ గోరంత మిగిలితే చాలు, మళ్ళీ మొదలు.

రెండేళ్ళ క్రితం నేనొక తెలివితక్కువ పని చేశాను. సంపు మూతి ఇరుకు, పెద్దవాళ్ళు దిగలేరని పదేళ్ళ మా చిన్నవాణ్ణి దింపాను. లోపల అప్పటికే బ్లీచింగ్ పొడి చల్లి ఉంది. రెండు నిమిషాలు కాలేదు, వాడికి ఒకటే దగ్గు, కళ్ళ నీళ్ళు. రెక్క పట్టుకుని పైకి లాగాము. “సంపు శుభ్రమైతే చాలునా నీకు?” అన్నారు మా అత్తగారు. ఏం చెప్పను? ఆ రాత్రి వాడు దగ్గినప్పుడల్లా లేచి కూర్చున్నాను. బ్లీచింగ్ నుంచి వచ్చే క్లోరిన్ గాలికన్నా బరువట, అడుగునే నిలుస్తుంది. దానికి బాత్‌రూము కడిగే యాసిడ్ కూడా తగిలిందా, ప్రాణం మీదికే వస్తుంది.

ఇప్పుడు ఎవరినీ దింపను. వెదురు కర్రకు పాత బ్రష్షు బిగించి కట్టి, పైనుంచే నెర్రెలు గీకుతాను. గొట్టం వెనకకు గోనెపట్టా పోనిచ్చి, రెండు కొసలూ పట్టుకుని కవ్వం తాడులా అటూ ఇటూ లాగుతాను. ముందు వట్టి నీళ్ళతోనే సుమా! ఆ పచ్చనీళ్ళు తోడి అరటి చెట్టుకు పోస్తాను. బ్లీచింగ్ తర్వాతే. ఆ నీళ్ళు మొక్కలకు పనికిరావు, బాత్‌రూములోకి పోవలసిందే. మూత కాసేపు తెరిచే ఉంచాలి.

కొత్త నీళ్ళు నిండాక 1,000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి చాలు. చెంబులో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోసి, గంటసేపు ఆ నీళ్ళు ముట్టుకోకండి. డబ్బా మూత వదులైతే పొడిలో సత్తువ పోతుంది.

అసలు పాచికి కావలసింది వెలుతురు. గుత్తికోట మీది నీటి గుంటలకు ఆకాశమే మూత, పచ్చబడక ఏం చేస్తాయి? మా సంపు మూత పక్కన బెత్తెడు సందుంది. సరిగ్గా దాని ఎదురు గోడకే పాచి! ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. ఆ సందులో గోనె మడిచి కుక్కాను. మొన్న కడిగినప్పుడు ఆ గోడకు రెండు గీతలు గీకితే సరిపోయింది. మా చిన్నవాడు పైనుంచి టార్చిలైటు పట్టాడు.