నడుము నొప్పి - పంచాయతీ కర్తవ్యము

పంచాయతీ సభ్యులారా!

అరకు కొండలలో కట్టెల మోపులు, కాఫీ బస్తాలు మోయువారికి నడుము నొప్పి క్రొత్త కాదు. వెన్నుపూసల నడుమనున్న డిస్కు జారి నరమును నొక్కినచో నొప్పి కాలిలోనికి దిగును. పెక్కుమందికిది కొద్ది వారములలో శస్త్రచికిత్స లేకయే తగ్గును. తగ్గనివారిలో తగినవారికి నేడు వైద్యులు ఎండోస్కోపు సాయమున, సెంటీమీటరు పాటి గాటుతోనే జారిన ముక్కను తీయుచున్నారు. కండరములకు గాయము స్వల్పము. రోగి త్వరలో లేచి నడువగలడు.

కాని కాళ్లు చచ్చుబడినను, మలమూత్రములు అదుపు తప్పినను, మూత్రము బిగిసినను ఒక్క దినమైనను ఆగరాదు. ఆలస్యమైనచో పోయిన బలము తిరిగి రాకపోవచ్చును. అట్టివారిని పసరు కట్లతో ఇంట నుంచక, 108కు ఫోను చేయుడు. బండి రాని గూడెమున డోలీ మోయువారిని ముందుగానే నియమించుడు. 1923లో నెలకొన్న విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రికి రోగిని సకాలమున చేర్చుట మన అందరి విధి యని మనవి చేయుచున్నాము.