అర్థశాస్త్రమున అభిరుచి



విశ్వవిద్యాలయములలో అర్థశాస్త్రమును ప్రధానవిషయముగా నెన్నుకొను యువకులకు ఉత్సాహము చాలకున్నదని పెద్దలు విచారించుచున్నారు. ఇంజనీరింగున చోటు దొరకనివారికి ఇది ఆశ్రయమనియు, నాలుగు గీతలు గీసి సూత్రములు వల్లించిన చాలుననియు లోకమున నొక అపప్రథ వ్యాపించినది. ఈ దోషము శాస్త్రమునది కాదు, బోధనాపద్ధతిది.

ఒక్క సంగతి ఆలోచింపుడు. 1943లో వంగదేశమున కరవు వచ్చి సుమారు 30 లక్షలమంది మరణించిరి. ధాన్యపు కొరతయే దీనికి మూలమని అనేకులు తలచిరి. తొమ్మిదేండ్ల బాలుడుగా ఆ ఘోరమును కన్నులార జూచిన అమర్త్యసేన్ గారు, పెద్దవారై లెక్కలు తీసి, 1941లో కంటె 1943లో ధాన్యము ఎక్కువగానే యుండెనని 1981లో ప్రకటించిన తమ గ్రంథమున చూపిరి. యుద్ధవ్యయముచే బియ్యపు ధర మిన్నంటెను. కూలివాని కూలి దానివెంట పోలేకపోయెను. అంగడిలో బియ్యముండియు కొనుటకు శక్తి లేక పల్లెకూలీలు, బెస్తలు కూలిపోయిరి. చావునకు కారణము చెప్పగల శాస్త్రమును నిస్సారమనువారెవ్వరు?

అయిన నుత్సాహము మాటలచే పుట్టదు, పనిచే పుట్టును. మద్రాసు విశ్వవిద్యాలయమున భారత అర్థశాస్త్రమునకు ఆచార్యులుగా వచ్చిన గిల్బర్టు స్లేటరు గారు 1916లో శిష్యులను సెలవులలో తమతమ గ్రామములకు పంపిరి. భూమి యెవరిది, పంట యెంత, కూలి యెంత, అప్పెంత యని వారిచే విచారింపజేసిరి. ఆ నివేదికలు 1918లో గ్రంథరూపమున వెలువడెను. ఇరువదియేండ్లకు థామస్, రామకృష్ణన్ గార్లు ఆ గ్రామములనే మరల పరిశోధింపజేసి 1940లో ఫలితములను ప్రకటించిరి. పిల్లలు వ్రాసిన లెక్కలు పండితులకు ఆధారమయ్యెను!

మన కళాశాలలును ఈ మార్గమునే త్రొక్కవలెనని మా మనవి. మొదటి సంవత్సరముననే విద్యార్థి మిరపబస్తా వెంట నడువవలెను. రైతు చేతికి వచ్చినదెంత, దళారి కమీషనెంత, పట్టణమున గృహిణి యిచ్చినదెంత యని తానే వ్రాసికొనవలెను. కౌలుదారు ఏ వడ్డీకి అప్పు తెచ్చెనో అడుగవలెను. అటుపిమ్మట నల్లబల్లమీద గిరాకి, సరఫరా గీతలు వ్రాసినప్పుడు అవి గీతలుగా గాక మనుష్యులుగా గన్పట్టును.

గణితమక్కరలేదా యందురు. తప్పక కావలెను. కాని తాను తెచ్చిన అంకెలకు అర్థము తెలియగోరువానికి గణితము భారము కాదు, పనిముట్టు. భాషవలన భయమందురు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ప్రథమ ఉపకులపతియైన కట్టమంచి రామలింగారెడ్డి గారు అర్థశాస్త్రమును తెలుగుననే రచించి దారి చూపిరి. ఉద్యోగము మాట యేమందురు. బ్యాంకులకు, గణాంకశాఖలకు, పత్రికలకు ఈ విద్య కావలయును. అయినను ఉద్యోగమొక్కటే చూపి పిలిచిన విద్యార్థి, ఉద్యోగము మరియొకచోట కన్పించినంతనే లేచిపోవును.

సోదరులారా! పన్నులు కట్టువారము మనము, అప్పులు తీర్చువారము మనము. ఆ లెక్కలు చదువగలవారు ఏ కొలదిమందియో యైనచో స్వరాజ్యము పేరునకే మిగులును. కావున ఈ సెలవులలోనే ఒక పుస్తకము, ఒక కలము తీసికొని మీ యూరి సంతకు పొండు. అధ్యాపకులారా! వారు తెచ్చిన లెక్కలతోనే మీ తొలిపాఠము నారంభింపుడు.