ఎండ కన్నెరుగరాని పిల్లలు

వేసవి నడిమి దినములలో భద్రాచలము నుండి దుమ్ముగూడెము పోవు త్రోవ పొడవునను తునికాకు కల్లములు కనిపించును. తెల్లవారకముందే ఆడవారు, పిల్లలు అడవికి పోయి ఆకు కోసికొని వత్తురు. ఇంటి పంచలో కూర్చుండి 50 ఆకుల కొక కట్ట చొప్పున కట్టుదురు. ఆ కట్టలను కల్లములో వరుసగా పరచి ఆరబెట్టుదురు. అంతకు ముందటి నెలలో ఇప్పపూవు. మైదానమునకు దిగి ఖమ్మము వైపు వచ్చినచో మిరప కోతలు. ఆకు ఎండవలెను, పూవు ఎండవలెను, కాయ ఎండవలెను. వాని నెండబెట్టు మనుష్యుడును ఆ ఎండలోనే నిలువవలెను.

ఇట్టి సీమలో ఎండ సోకరాని బిడ్డ పుట్టినచో ఆ యింటివారు ఏమి చేయవలెను? ఈనాడు మేము శ్రోతలతో ముచ్చటింప దలచిన విషయ మిది.

గారాబముగా పెరిగిన పిల్లలను 'ఎండ కన్నెరుగనివారు' అందుము. రాణివాసపు స్త్రీని సంస్కృతమున 'అసూర్యంపశ్య' అనిరి. రెండు మాటలలోను కొంత గొప్ప ధ్వనించును. మేము చెప్పబోవు పిల్లలకు అది ప్రాణావసరము. వీరి వ్యాధికి వైద్యులు గ్జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అని పేరు పెట్టినారు. పేరు నోరు తిరుగనిదే గాని అర్థము సామాన్యము: పొడిబారి, రంగు మచ్చలు పడిన చర్మము. వియన్నా నగరమున మోరిట్జ్ కపోసి అను చర్మవైద్యుడు 1874లో దీనిని వర్ణించెను. ఐరోపా, అమెరికా దేశములలో సుమారు పది లక్షల మందికి ఒకరు, జపానులో సుమారు 22,000 మందికి ఒకరు ఈ వ్యాధితో పుట్టుచున్నారు. ఇంత అరుదైన దానిని గూర్చి రేడియోలో చెప్పుట ఎందుకని అడుగువారుందురు. అరుదైనది గనుకనే చెప్పవలసి వచ్చినది. అమ్మమ్మ గుర్తింపజాలదు, ఇరుగుపొరుగువారు గుర్తింపజాలరు. ఒక్కొక్కప్పుడు వైద్యుడును తన జీవితకాలమున ఒక్క రోగినైన చూచి యుండడు.

వ్యాధి ఆరంభము ఇట్లుండును. పుట్టినప్పుడు బిడ్డ చర్మము అందరి చర్మము వంటిదే. కొందరు బిడ్డలకు కొలదిసేపు ఎండ తగులగానే ముఖము కమిలి, వాచి, పొక్కులెక్కును. ఆ మంట దినముల తరబడి తగ్గదు. తల్లి భయపడి వైద్యుని యొద్దకు పరుగెత్తును. తక్కిన సుమారు సగము మందికి ఈ పొక్కులు రావు. రెండేండ్లు నిండకముందే బుగ్గల మీద, ముక్కు మీద, ముంజేతుల మీద నువ్వుగింజల వంటి మచ్చలు పడుట మాత్రమే ఆనవాలు. వెలుతురు చూచినపుడు బిడ్డ కన్నులు మూసికొనును, నీరు కారును. ఇంతే.

ఇచట ఒక విపరీతము గలదు. పొక్కులెక్కిన బిడ్డను ఎవరును చెప్పకయే తల్లి నీడను దాచును. మచ్చలు మాత్రమే గల బిడ్డ ఎండలో ఆడుకొనుచు పెరుగును. బ్రిటనులో ఈ రోగులను పరిశీలించిన వైద్యులు, ఎండకు పొక్కులెక్కని వారికే వ్యాధి ఆలస్యముగా తెలియుచున్నదనియు, వారికే చర్మపు క్యాన్సరులు హెచ్చుగా వచ్చుచున్నవనియు గమనించిరి. నొప్పి లేకపోవుటయే వారికి కీడు చేసినది. మన చామనచాయ మేనుల మీద ఆ మచ్చలు తొందరగా కంటబడవు; కంటబడినను పుట్టుమచ్చలని ఊరకుందురు. అందుచేత మేము తల్లులకు చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇప్పుడే చెప్పుచున్నాము: రెండేండ్ల లోపు బిడ్డకు ఎండ తగులు చోట్ల మాత్రమే మచ్చలు గుంపులుగా పుట్టి, బట్ట కప్పిన చోట చర్మము తేటగా నున్నచో, పొక్కుల కొరకు వేచియుండక వైద్యునికి చూపవలెను.

వేచియున్నచో ఏమగునో లెక్కలు చెప్పుచున్నవి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల వైద్యులు 1971 నుండి 2009 వరకు ఇట్టి రోగులను 106 మందిని పరిశీలించిరి. వారిలో సామాన్యపు చర్మ క్యాన్సరు మొదట కనిపించిన వయస్సు, మధ్యస్థముగా, 9 సంవత్సరములు. ఆ దేశమున తక్కినవారికి అది 67వ యేట వచ్చును. నలువదేండ్ల కూలి మీద రైతు చర్మమునకు కలుగని చెరుపు బడికి పోవు బిడ్డకు కలుగుచున్నది. కొందరికి కన్నుల పారదర్శక పటలము మసకబారును, నాలుక కొన మీద పుండు లేచును. సుమారు నలుగురిలో ఒకరికి వినికిడియు నడకయు క్రమముగా తగ్గిపోవును.

కారణము చాలకాలము తెలియలేదు. 1960ల చివర కాలిఫోర్నియాలో జేమ్స్ క్లీవరు అను శాస్త్రజ్ఞుడు దినపత్రికలో ఈ వ్యాధిని గూర్చిన వార్త చదివెను. అప్పటికే ఆయన కణములలోని డి.ఎన్.ఏ. పోగు చెడినపుడు అది ఎట్లు బాగుపడునో పరిశోధించుచుండెను. ఎండలోని అతినీలలోహిత కిరణములు తగిలినపుడు ఆ పోగులో ప్రక్కప్రక్క నున్న రెండక్షరములు ఒకదాని కొకటి అతుకుకొని ముడిపడును. మనకందరకును ప్రతిదినము ఇట్టి ముడులు పడుచునే యుండును. కణములోని మరమ్మతువాండ్రు ఆ ముడికి ఇరువైపుల సుమారు 30 అక్షరముల మేర కత్తిరించి తీసివేసి, ఖాళీని మరల సరిగా నేయుదురు. నేతగాడు చిక్కుపడిన దారము ముక్క తీసి అతుకు వేసినట్లు. రోగుల చర్మ కణములలో ఈ మరమ్మతు జరుగుటలేదని క్లీవరు 1968లో ప్రకటించెను. ఆ కత్తిరింపు విధమును వివరించినందులకు అజీజ్ సంజార్ అను టర్కీ దేశస్థునికి 2015లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానములో భాగము లభించినది. కాగా ఇది శాపము కాదు, అంటువ్యాధి కాదు, కుష్ఠు కాదు. బిడ్డతో ఒకే కంచమున అన్నము తినవచ్చును.

మరమ్మతు తెలియని కణము ఎట్లు వచ్చినది? తల్లి నుండి ఒక ప్రతి, తండ్రి నుండి ఒక ప్రతి, రెండును చెడినవి అందినపుడే వ్యాధి కలుగును. ఒక్క ప్రతి మాత్రమే చెడినవారు ఆరోగ్యవంతులు. తాము వాహకులమని వారికే తెలియదు. మన దేశమున ఇచట మేనరికపు ప్రసంగము రాక తప్పదు. మైదానపు పల్లెలలోను, కోయ గూడెములలోను మేనరికము ఉన్నదే. వినువారు వ్రేళ్లు మడచుకొని లెక్కించుకొనవచ్చును. ఒక అవ్వ వాహకురాలనుకొందము. ఆమె కొడుకునకు ఆ ప్రతి అందుటకు రెండింట ఒక పాలు, కూతురికిని అంతే. కొడుకు బిడ్డకు నాలుగింట ఒక పాలు, కూతురు బిడ్డకు నాలుగింట ఒక పాలు. ఆ ఇరువురికి పెండ్లి చేసినచో, పుట్టు ఒక్కొక్క బిడ్డకు వ్యాధి కలుగుటకు 64 పాళ్లలో ఒక పాలు. మేనమామయే మేనకోడలిని చేసికొన్నచో 32లో ఒక పాలు. అవ్వ వాహకురాలగుటయే మిక్కిలి అరుదు గనుక, వేలాది మేనరికపు కాపురములలో వెదకినను ఈ వ్యాధి కానరాదు. కావున మేనరికము చేసికొన్నవారిని దోషులుగా నిలబెట్టుట మాకు సమ్మతము కాదు. కాని ఒక బిడ్డకు వ్యాధి వచ్చిన యింట తరువాతి ప్రతి కాన్పునకును నాలుగింట ఒక పాలు భయమున్నదనియు, ఆ వంశమున మరల మేనరికము తలపెట్టునపుడు జన్యువైద్యుని సలహా పొందవలెననియు దాచక చెప్పవలసియున్నది.

మన సీమకు పోలిక దూరమున, బ్రెజిలు దేశపు గొయాస్ రాష్ట్రమున ఉన్నది. అరారస్ అను పల్లె. వ్యవసాయమే బ్రతుకు, ఎండ మన యెండ వంటిదే, చాలకాలము బంధువుల నడుమనే పెండ్లిండ్లు. సుమారు 800 మంది గల ఆ యూర ఇరువది మందికి పైగా ఈ వ్యాధి గలదు. తరతరములుగా ముఖములు చెడిన పెద్దలను చూచి, అంటురోగమని కొందరు, పూర్వుల పాపఫలమని కొందరు అనుకొనిరట. ఆ యూరి ఉపాధ్యాయిని ఒకామె తన కుమారుని ముఖము మీద మచ్చలు చూచి, వైద్యుల నడిగి, వ్యాధి పేరు తెలిసికొని, ఊరివారి నొక సంఘముగా కూర్చినది. మచ్చలను చదివినది ఒక తల్లియే.

ఇక ఇంటి మాట. వ్యాధికి నయము లేదు. ఎండను తప్పించుటయు, లేచిన పుండును చిన్నదిగా నున్నప్పుడే కోసి తీయించుటయు మార్గములు. చెరుపు చేయునది వేడి కాదు, కిరణము. పొయ్యి సెగ బిడ్డకు హాని చేయదు. మబ్బు పట్టిన పగలు, చల్లని పుష్యమాసపు పగలు హాని చేయును. కిటికీ అద్దము కొన్ని కిరణములను ఆపినను అన్నింటిని ఆపలేదు. దట్టమైన నేత గల నిండు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, నల్లని కంటి అద్దములు, వైద్యుడు చెప్పిన లేపనము నిత్యమును కావలెను. ఎండ తగులని శరీరమునకు డి విటమిను వేరుగా ఇప్పింపవలెను. పొగాకు పొగయు అదే పోగును చెరచును గనుక, ఆ యింట చుట్టయు బీడీయు కాల్చరాదు. తునికాకు ఏరుకొని బ్రతుకు నాడులో ఈ మాట చెప్పుట మాకే కష్టముగా నున్నది. కాని ఆకు కట్టలు కట్టు పని లోపలి గదిలో చేయవచ్చును. బిడ్డ పెరిగి ఆ పనిలో చేయి కలుపవచ్చును.

ఆశ్రమ పాఠశాలలలో ఉదయపు ప్రార్థన ఆరుబయట జరుగును. ఇట్టి బిడ్డ ఉన్నచో వానిని లోపల నిలుచుండనిచ్చుట, కిటికీకి దూరముగా కూర్చుండబెట్టుట, ఆటలు ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఆడించుట ఉపాధ్యాయుల చేతిలోని పనులే. మా స్టూడియోలకు కిటికీలు లేవు. పగలో రాత్రియో తెలియని ఆ గదులను మేము విసుగుకొనుట కద్దు. ఈ ప్రసంగమునకై చదివిన పిమ్మట ఆ విసుగు కొంత తగ్గినది. శ్రీరామనవమినాడు భద్రాద్రిలో కల్యాణము పట్టపగలు, అభిజిల్లగ్నమున జరుగును. ఆ వేళ లోపలి గదిలో తలుపు మూసికొని రేడియో వ్యాఖ్యానము వినుట తప్ప వేరు దారి లేని బిడ్డ ఎచటనో ఉండవచ్చునని ఇకమీద మాకు తోచకపోదు.

వ్యాధిని నిశ్చయించుటకు రక్తము తీసి జన్యుపరీక్ష చేయుదురు. మన దేశము 2021లో అరుదైన వ్యాధులకై ఒక జాతీయ విధానమును ప్రకటించినది. దాని క్రింద హైదరాబాదులో డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రమును నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థయు కలిసి ఒక ప్రత్యేక కేంద్రముగా ఏర్పడినవి. ముందు దగ్గరి ప్రభుత్వ వైద్యశాలలో చర్మవైద్యునికి చూపి, ఆయన వ్రాసిచ్చిన చీటితో పోవలెను. భద్రాచలము నుండి గాని, ఖమ్మము నుండి గాని రాత్రి ప్రయాణము చేసి, తెల్లవారకముందే నీడకు చేరుట మంచిది. పోవునపుడు ఇరువైపుల తాతల పేర్లు, అవ్వల పేర్లు, ఎవరికెవరు ఏమగుదురో ఒక కాగితము మీద వ్రాసికొని పోవలెను. జన్యువైద్యులు మొదట అడుగునది అదియే.