బైలాలో మన పేరు ఎందుకు తీసెయ్యాలె?



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాడల్లో సాయంత్రం బడులు నడపడానికి మేము సంఘం పెట్టినం. 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు, రిజిస్ట్రేషన్ అయింది. ఆ కాగితంతోనే పన్ను పోతదనుకున్నం. పోలేదు. ఆదాయపు పన్ను శాఖకు వేరే దరఖాస్తు పెట్టాలె. చందాలిచ్చే మన ఉద్యోగులేమో 80జీ రసీదు అడిగిండ్రు.

అక్కడ చిక్కొచ్చింది. "దళిత పిల్లల కోసం అన్న మాట తీసెయ్యండి, ఒక్క కులానికి పెట్టిన సంస్థకు మినహాయింపు రాదు" అన్నడొక ఆడిటరు. మాలో సగంమంది కొట్టెయ్యడానికి సిద్ధమైనరు. పేరు దాచుడు మనకు కొత్తనా? కిరాయి ఇంటికాడనే మొదలైతది.

చట్టం తెప్పించి చదివినం. 1961 ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షన్‌లో ఆడిటరు చెప్పిన మాట నిజంగనే ఉన్నది. దానికిందనే రెండో వివరణ కూడా ఉన్నది: షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల మేలు కోసం పెట్టిన సంస్థ ఆ లెక్కలోకి రాదు. ఆయన పై ముక్కనే చదివిండు.

అయితే "దళిత" అన్న మాట అందులో లేదు. కాబట్టి "షెడ్యూల్డ్ కులాల పిల్లలు" అని రాసినం. సంఘం మూతపడితే ఆస్తి సభ్యులు పంచుకోవద్దని కూడా రాసినం. 2025 కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారినయి, దరఖాస్తు పెట్టే ముందు చూసుకోండి. మా బైలా నకళ్లు తెచ్చినం, మూడు జిల్లాలోళ్లూ తీసుకపోండి.