అయిదు గ్రాముల ఆట

సాయంత్రం పూట వాకిట్లో ఇంటిల్లిపాదీ సరదాగా ఆడుకునే ఆట కావడం వల్లనేమో, బ్యాడ్మింటన్ అంటే మనకి కాస్త చులకన. "ఈకల బంతిని కొట్టడానికి అంత కష్టమేముంది?" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

వాళ్లని 2017 గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ చూడమంటాను. మన సింధు, జపాన్ అమ్మాయి ఒకుహర. 110 నిమిషాలు ఆడారు, ఫుట్‌బాల్ మ్యాచ్ కన్నా ఎక్కువసేపు! రెండో గేమ్ చివరి పాయింటు ఒక్కదానికే 73 షాట్లు. అది సింధుకే దక్కింది గానీ, మూడో గేమ్ 22-20తో ఒకుహర ఎగరేసుకుపోయింది. చూస్తున్న మనకే ఊపిరాడలేదు.

షటిల్ బరువు సుమారు అయిదు గ్రాములు, ఈకలు 16. కొట్టగానే దూసుకెళ్తుంది, గాలి అడ్డుపడగానే చప్పున నెమ్మదిస్తుంది. అందుకే వెనక్కి ఎగిరి స్మాష్ కొట్టినవాడు, మరుక్షణం నెట్ దగ్గర మోకాలు వంచి ఉండాలి.

అమలాపురం కుర్రాడు సాత్విక్ స్మాష్ 2023లో గంటకు 565 కిలోమీటర్లతో గిన్నిస్‌కెక్కింది. అది మ్యాచ్‌లో కాదు, వేగం కొలవడానికి కొట్టింది లెండి. అయినా అలాంటి చేతికి ఎదురుగా రాకెట్ పట్టుకుని నిలబడేవాడి సంగతి కూడా ఒకసారి ఊహించుకోండి.